చమురు పట్టణాల్లో మా ఉద్దానం పిల్లలు: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది కవిటి మండలం. ఇరవై ఆరేళ్ళు రిఫైనరీల్లో పైపింగ్ పని చేశాను. కువైట్, సౌదీలో జుబైల్, అబూధాబీలో రువైస్, మధ్యలో రెండుసార్లు గుజరాత్‌లోని జామ్‌నగర్. హెల్పర్‌గా వెళ్ళి ఫోర్‌మన్‌గా ఇంటికొచ్చాను. 2018లో తిత్లీ వచ్చిన ఏడే పని మానేశాను. ఇప్పుడు ఎకరంన్నర కొబ్బరి, ఆ తుఫానుకి పోగా మిగిలిన నాలుగు జీడిచెట్లు చూసుకుంటున్నాను. ఈ ఉత్తరం ఒక రిజిస్టరు కోసం, రిఫైనరీ పనులకి బయటికెళ్ళిన మన పిల్లలు ఎక్కడున్నారో రాసిపెట్టే రిజిస్టరు. అడిగేది చిన్నదే గాని, ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంచెం దూరం వెళ్ళాలి. తీరిక చేసుకొని చదవండి.

2025 జూన్ 23. రాత్రి పది దాటింది. ఖతర్‌లో అమెరికా వాళ్ళ అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని టీవీలో స్క్రోలింగ్ మొదలైంది. కాసేపటికి ఖతర్, కువైట్, బహ్రెయిన్, ఎమిరేట్స్ విమానాలకు ఆకాశం మూసేశాయన్నారు. మా వెనకింటి కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. చేతిలో ఫోను. "మావా, మా గుంటడు ఖతర్‌లోనే కదా ఉన్నాడు, ఫోను మోగుతోంది గాని ఎత్తట్లేదు" అంది. ఖతర్‌లో ఎక్కడమ్మా అంటే, "ఏటో మావా, క్యాంపు అన్నాడు" అంది.

ఎవరో వాట్సాప్‌లో పంపిన హెల్ప్‌లైన్ నంబరుకి నేనే చేశాను. మర్యాదగానే మాట్లాడారు. పాస్‌పోర్టు నంబరు చెప్పమన్నారు. కంపెనీ పేరు, ఉండే చోటు అడిగారు. ఆవిడ ఇంట్లోంచి రేకు పెట్టె తెచ్చి మా వసారాలో బోర్లించింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌బుక్కు, డ్వాక్రా పుస్తకం, వాడి పదో తరగతి మార్కుల జాబితా, ఒక ఏజెంటు విజిటింగ్ కార్డు. పాస్‌పోర్టు జిరాక్స్ లేదు. ఏజెంటు నంబరు స్విచాఫ్. ప్రభుత్వం ఇచ్చిన కాగితాలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఆ రాత్రి ఆ పిల్లాడు ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది కాబట్టి ఆవిడకి ధైర్యం చెప్పగలిగాను. చమురు, గ్యాస్ ఉండే ప్లాంటు లోపలికి మామూలు సెల్‌ఫోన్ రానివ్వరు. నిప్పురవ్వ భయం. గేటు దగ్గర లాకర్లో పడేసి డ్యూటీకి పోవాలి. నైట్ షిఫ్టు వాడైతే తెల్లారేదాకా ఫోను అలా మోగుతూనే ఉంటుంది. అదే చెప్పాను. నమ్మిందో లేదో తెలీదు, మా అరుగు మీదే కూర్చుంది. మర్నాడు తొమ్మిదింటికి ముందు ఫోను వచ్చింది. "ఏటమ్మా అన్ని మిస్‌డ్ కాల్సు, డ్యూటీలో ఉన్నాను కదా" అన్నాడట. రాస్ లఫాన్‌లో ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఆ దాడిలో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రాస్ లఫాన్ అన్న పేరు వినగానే నాకు మాత్రం అప్పటిదాకా లేని టెన్షన్ పట్టుకుంది. ఖతర్ అమ్మే గ్యాస్ దాదాపుగా అంతా ఓడలకెక్కేది ఆ ఒక్క రేవులోనే.

యుద్ధం చేసేవాడికి ఊరు కనిపించదు, ఆ ఊరు చేసే పని కనిపిస్తుంది. చమురు పట్టణాల గొడవంతా అదే. ముడిచమురు వచ్చే పైపులు, దాన్ని శుద్ధి చేసే నిలువు గోపురాల్లాంటి కాలమ్‌లు, ట్యాంకులు, జెట్టీ, కరెంటు ఇచ్చే ప్లాంటు, తాగే నీళ్ళు తయారుచేసే ప్లాంటు అన్నీ పది పదిహేను కిలోమీటర్లలో కుక్కి కడతారు. పని సులువు కావాలని అలా కడతారు. కొట్టేవాడికీ అదే సులువు. దాచుకునే వీలు కూడా లేదు. మా రోజుల్లో క్యాంపు నుంచి రాత్రి బస్సులో వెళ్తుంటే ఎడారిలో చాలా దూరం నుంచే మిగులు గ్యాసుని కాల్చే ఫ్లేర్ మంట కనిపించేది, అమ్మవారి సంబరానికి పెట్టిన పెద్ద దివిటీలాగ. డ్రైవరుకి దారి చెప్పక్కర్లేదు. డ్రోనుకీ చెప్పక్కర్లేదు.

టీవీలో చూపించేవి ట్యాంకుల మంటలు. చూడ్డానికి భయంగా ఉంటాయి గాని, ట్యాంకు తగలబడితే ఇంకో ట్యాంకు కట్టుకోవచ్చు. తెలిసినవాడు కాలమ్‌ని కొడతాడు. అరవై డెబ్బై మీటర్ల ఎత్తు, లోపల అంతస్తులు అంతస్తులుగా ట్రేలు, అంగుళాల మందం ఉక్కు. బజారులో దొరికే సరుకు కాదు, ఆర్డరిచ్చి చేయించుకోవాలి. రావడానికి నెలలు పడుతుంది. 2019 సెప్టెంబరు 14 తెల్లవారుజామున సౌదీలో అబ్‌ఖైక్ చమురు ప్లాంటు మీద పడిన డ్రోన్లు సరిగ్గా ఇలాంటి చోట్లనే వెతుక్కొని పడ్డాయి. ముడిచమురులోంచి గ్యాసుని విడదీసే గుండ్రటి ట్యాంకులకు ఒకే వైపున, కొలిచి కొట్టినట్టు చిల్లులు. ఖురైస్ చమురు క్షేత్రాన్నీ కొట్టారు. రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి ఆగిపోయింది. అంటే ఆ దేశం తీసే దాంట్లో సగం, ప్రపంచం వాడే దాంట్లో ఇరవయ్యో వంతు. ఒక్క తెల్లవారుజామున.

ఆ కాలమ్‌కి ఆనుకొని స్కాఫోల్డింగ్ మీద నిలబడేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, మా కవిటి. ఈ ఏడు మండలాల్లో వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో లేని వీధి వెతకాలి. పైపుని ఏటవాలుగా బిగించి వెల్డింగ్ చేయించే 6జీ టెస్టు పాసైతే చాలు, పెళ్ళి సంబంధాల్లో కూడా ఆ మాట చెప్పుకుంటారు. దాడి జరిగాక ప్లాంటుని మళ్ళీ నిలబెట్టేదీ వీళ్ళలాంటి వాళ్ళే. అబ్‌ఖైక్‌లో ఉత్పత్తి నెల తిరక్కుండా మళ్ళీ అందుకుందని పేపర్లు గొప్పగా రాశాయి. అన్ని వెల్డింగ్ జాయింట్లు అంత తొందరగా పడాలంటే ఎన్ని చేతులు నిద్ర మానుకోవాలో నాకు తెలుసు.

అబ్‌ఖైక్‌లో ప్రాణనష్టం లేదు. అబూధాబీలో అలా కాలేదు. 2022 జనవరి 17న ముసఫ్ఫాలో ఇంధన డిపో మీద యెమెన్ హూతీల దాడిలో పెట్రోలు ట్యాంకర్లు మూడు పేలాయి. చనిపోయింది ముగ్గురు. ఇద్దరు మన దేశస్థులు, ఒకరు పాకిస్తానీ. యుద్ధం ఎవరెవరి మధ్యో చూడండి, పోయినవాళ్ళు ఎవరో చూడండి.

ఇంకో సంగతి, ఇది బయటివాళ్ళకి తట్టదు. ప్లాంటులో సైరన్ మోగితే ఏం చేయాలో మాకు నూరిపోస్తారు. తలెత్తి గాలి దిశ చూపే గాలిసంచి ఎటు ఊగుతోందో చూడు, గాలికి అడ్డంగా నడువు, పరిగెత్తకు, మస్టర్ పాయింటుకి చేరి పేరు పలుకు. గ్యాస్ లీకుకి అది బంగారం లాంటి పద్ధతి. దాంతోనే నేను రెండుసార్లు బయటపడ్డాను. పైనుంచి వచ్చే డ్రోనుకి అది పనికిరాదు. మస్టర్ పాయింటంటే ఏమీ అడ్డులేని ఖాళీ జాగా, అందులో వెయ్యిమంది ఒక్కచోట నిలబడి ఉంటారు. అక్కడ కనీసం పేరు పిలిచేవాడైనా ఉంటాడు. మా పిల్లల పేరు పిలిచే మస్టర్ పాయింటు మన జిల్లాలో ఎక్కడుంది? నేనడిగే రిజిస్టరు అదే.

ఇదేదో ఇప్పుడు పుట్టిన బాధ కాదండీ. మా తాత రంగం వెళ్ళాడు. మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడి ముసలివాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. నది అవతల సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ, అందులో పీపాలు మోసే కూలీ. 1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశారు. మార్చి మొదటి వారంలో ఊరు వదిలేసి పోతూ ఇంగ్లీషు వాళ్ళే సిరియం రిఫైనరీని తగలబెట్టారు, జపానువాడికి చుక్క దక్కకూడదని. "బాంబు వేసినోడు జపానోడు, ఆయిలు కాల్చినోడు మన దొర, మజ్జిలో మేం" అనేవాడు తాత. ప్రోమ్ దాకా నడిచి, అరకాన్ కొండలు దాటి, పడవెక్కి చిట్టగాంగ్ చేరి, కలకత్తా నుంచి రైల్లో సోంపేట స్టేషన్లో దిగాడు. దారిలో కలరాకి తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ ఆరేడు నెలలూ మా నాయనమ్మకి కబురు లేదు. చిట్టగాంగ్ శిబిరంలో పేరైతే రాసుకున్నారట, అదీ తప్పు రాశారట. తమ్ముడి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆయన ఎక్కడ పోయాడో, దహనం చేశారో లేదో, ఈరోజుకీ మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తద్దినం మాత్రం అందాజుగా ఒక తిథి పెట్టుకొని చేస్తున్నాం.

ఆ బర్మా ఆయిల్ కంపెనీయే 1909లో ఆంగ్లో పర్షియన్ కంపెనీని పుట్టించి ఇరాన్‌లో అబాదాన్ రిఫైనరీ కట్టింది. పనివాళ్ళని మన దేశం నుంచీ బర్మా నుంచీ పట్టుకెళ్ళారు. వాళ్ళు కట్టుకున్న మసీదుని అక్కడ ఇప్పటికీ రంగూనీల మసీదు అంటారు. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద రిఫైనరీ అది. నది దాటితే ఇరాక్. 1980 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఫిరంగులు దాని మీదే పడ్డాయి. ఏడాది దగ్గర్లో ముట్టడిలో ఉంది. 1976లో మూడు లక్షల దగ్గర జనం ఉన్న ఊరు. 1986 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో తేలింది ఆరుగురు. మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి ఈ అంకె చెబుతున్నాను.

ఇక నేను కళ్ళారా చూసింది కువైట్. 1991లో ఇరాక్ సైన్యం వెనక్కి పోతూ ఆరు వందలకు పైగా బావులు తగలబెట్టింది. ఆర్పడం నవంబరుకి ముగిసింది. నేను వెళ్ళింది 92లో. మంటలు లేవు. కానీ ఇసుక మీద నడుస్తుంటే కాలి కింద పెళపెళమని విరిగేది. చమురూ మసీ ఇసుకా కలిసి తారు రోడ్డులా గడ్డకట్టాయి. మధ్యాహ్నం ఎండకి మెత్తబడి బూటుకి అంటుకునేది. సాయంత్రం క్యాంపులో గరిటె కాడతో గీక్కునేవాళ్ళం. మాకంటే ముందు అక్కడ పనిచేసినవాళ్ళ కథలు వినేవాణ్ణి. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు ఎయిరిండియా జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి 488 ట్రిప్పులు వేసి లక్షా డెబ్బై వేల మందిని తెచ్చింది. నిజంగా గొప్ప పని. ఆ విమానాలెక్కిన మా ఊరి మనిషి ఒకాయన మాత్రం నవ్వుతూ చెప్పేవాడు: "అమ్మాన్ నుంచి బొంబాయి ఊరికే వచ్చేశాను, బొంబాయి నుంచి సోంపేటకే డబ్బుల్లేవు" అని.

గల్ఫ్ మాటే ఎందుకు, మన జామ్‌నగర్ చూడండి. ఒకే చోట అంత పెద్ద రిఫైనరీ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. సముద్రం మీద కరాచీ ఎంతో దూరం కాదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో మూసేసిన విమానాశ్రయాల్లో జామ్‌నగర్ ఒకటి. షట్‌డౌన్ పనికి, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకి, అక్కడికి మన పిల్లలు రైళ్ళ కొద్దీ వెళ్తారు. ఇదివరకు డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూడటానికి విశాఖ బీచికి మన జిల్లా నుంచి కూడా బండ్లు కట్టుకొని పోయేవాళ్ళం. ఆ తారీఖు ఎందుకో చాలామందికి గుర్తుండదు. 1971లో ఆ రాత్రి మన నౌకాదళం కరాచీని కొట్టింది. కెమారి చమురు ట్యాంకులు తగలబడ్డాయి. గెలిచాం కాబట్టి చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. నేను మాత్రం ఆ ట్యాంకుల కింద ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారా అనుకుంటాను. పనివాడి బుద్ధి, ఏం చేస్తాం.

చమురుకి మనవాళ్ళు జాగ్రత్త పడలేదని అనను. దేశానికి కావాల్సిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తుంది. ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు గల్ఫ్ ముఖద్వారం లాంటి హోర్ముజ్ జలసంధి దాటే వస్తుంది, ఇరుకైన చోట దాని వెడల్పు 33 కిలోమీటర్లే. అందుకే విశాఖలో కొండ కింద గుహలు తొలిచి 13 లక్షల 30 వేల టన్నులు దాచే ఏర్పాటు చేశారు. మంగళూరు, పాదూరు కూడా కలిపితే 53 లక్షల టన్నుల పైచిలుకు. ఎన్ని రోజులకి సరిపోతుందో కూడా లెక్క కట్టి పెట్టారు. సంతోషం. ఆ పీపాల లెక్క అంత పక్కాగా ఉన్నప్పుడు మనుషుల లెక్క ఎందుకు లేదన్నదే నా బాధ.

ఎందుకు లేదో కూడా నాకు తెలుసు. పదో తరగతి పాసవని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే వలస అనుమతి తీసుకోవాలని. వాడు గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే కేంద్రం వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో క్లియరెన్సు తీసుకోవాలి. పది లక్షల బీమా తప్పనిసరి. వాడి పేరు ఎక్కడో ఒకచోట ఎక్కుతుంది. పది పాసైతే ఆ క్లియరెన్సు అక్కర్లేదు. ఇప్పుడు మా దగ్గర వెళ్ళేవాళ్ళంతా పదో, ఐటీఐయో చదివినవాళ్ళే. చదువుకున్నందుకు లెక్కలోంచి జారిపోయారు! విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకునేవాళ్ళ సంగతి సరేసరి. పైగా షట్‌డౌన్ పనంటే నలభై ఐదు రోజులో, రెండు నెలలో. జనవరిలో జుబైల్‌లో ఉన్నవాడు ఏప్రిల్‌కి రువైస్‌లో తేలతాడు. ఢిల్లీలో ఏ కంప్యూటరూ దీని వెంట పరిగెత్తలేదు. గ్రామ సచివాలయం పరిగెత్తగలదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. తుఫాను వస్తుందంటే ఏ ఊళ్ళో ఎన్ని పడవలు వేటలో ఉన్నాయో సాయంత్రానికల్లా మీ టేబుల్ మీదకి లెక్క వస్తుంది. అలాంటిదే ఒకటి వీళ్ళకీ పెట్టించండి. ఊరూరా సచివాలయంలో ఒక రిజిస్టరు. పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా ఏ రకం, ఏ దేశం, ఏ పట్టణం, ఏ కంపెనీ కింద, క్యాంపు ఎక్కడ, పంపిన ఏజెంటు ఎవరు, గదిలో ఉండే ఇంకొకడి ఫోన్ నంబరు. ఈ చివరిది మర్చిపోవద్దు, మిగతావన్నీ తప్పినా అదే పనికొస్తుంది. చోటు మారినప్పుడు ఇంట్లోవాళ్ళు వాట్సాప్‌లో లొకేషన్ పంపిస్తే సచివాలయంలో దిద్దుకోవాలి. మొదటిసారి రాయడానికి సంక్రాంతి రోజులు, ఊళ్ళో అమ్మవారి సంబరాల రోజులు చూసుకోండి. సెలవు పెట్టుకొని అందరూ ఇంటికొచ్చేది అప్పుడే. జామ్‌నగర్ లాంటి మన దేశంలోని రిఫైనరీలకు వెళ్ళేవాళ్ళనీ ఇందులో రాయాలి, వాళ్ళని వదిలేయొద్దు.

ఒక్క మాట. ఈ వివరాలు గోప్యంగా ఉండాలి. ఎవడి ఖాతాలో ఎంత పడుతోందో కనుక్కోవడానికి ఈ పుస్తకం వాడితే రెండో ఏడు ఒక్కడూ పేరు రాయించడు. ఏ పార్టీ వాళ్ళ చేతికీ వెళ్ళకూడదు. మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమనుకోవద్దు.

జూన్ 23 లాంటి రాత్రి వస్తే మీ తుఫాను కంట్రోల్ రూమే తెరవండి. తెలుగులో, మన యాసలో మాట్లాడేవాడు ఒకడు ఫోను దగ్గర ఉంటే చాలు. "నైట్ డ్యూటీలో ఉంటే ఫోను ఎత్తడమ్మా, తెల్లారనీ" అన్న మాట ఆ రాత్రి మా వీధిలో నేను చెప్పాను. పక్క వీధిలో ఎవరు చెప్పారో తెలీదు. తిరిగి వచ్చేవాళ్ళకి ముంబైలోనో ఢిల్లీలోనో దిగాక ఇక్కడిదాకా రైలు టికెట్టు కూడా ముందే ఏర్పాటు ఉండాలి. మన ఎంపీ గారు కేంద్రంలో పౌర విమానయాన శాఖే చూస్తున్నారు కదా, ఈ ఉత్తరం కాపీ ఆయనకీ పంపుతున్నాను.

వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లకి కూడా ఒక పూట మనిషిని పంపండి. ట్రేడ్ టెస్టు ఎలా పాసవాలో అక్కడ చెబుతారు, ఇది చెప్పరు. పాస్‌పోర్టు, వీసా, గుర్తింపు కార్డు ఫోటోలు అమ్మ ఫోన్లోనో చెల్లెలి ఫోన్లోనో ఉంచి వెళ్ళాలని. చేతిలో కనీసం నెల జీతం ఉంచుకొని మిగతాది ఇంటికి పంపాలని. అన్నిటికంటే ముఖ్యం, దాడి జరిగితే వీడియో తీసి స్టేటస్ పెట్టకూడదని. ఆ దేశాల్లో అది నేరం. డ్రోను నుంచి తప్పించుకున్నవాడు రీలు వల్ల జైల్లో పడితే ఎవరికి చెప్పుకుంటాం? ఈ క్లాసు చెప్పడానికి మనుషులు లేరంటే నన్ను పిలవండి. బస్సు చార్జీ కూడా అడగను.

మా వెనకింటి కోడలి రాత్రి చూశాక నేనే ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఒక్క మా పంచాయతీకే ఇప్పటిదాకా అరవై మూడు పేర్లు రాశాను. అందులో పదకొండు మంది ఏ పట్టణంలో ఉన్నారో ఇంట్లోవాళ్ళకి తెలీదు. "సౌదీ" అంటారు, అంతే. ఆ పదకొండు గీతలూ ఖాళీగా ఉంచాను.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి ఆ పుస్తకం పట్టుకొని కలెక్టరేట్‌కి వస్తున్నాను. నమూనాగా ఉంటుంది, చూడండి. కౌంటర్లో ఇచ్చి వెళ్ళమంటే మాత్రం ఇవ్వను. జిరాక్స్ తీయించుకొని నాది నాకు ఇచ్చేయండి, అదొక్కటే కాపీ.

ఇట్లు
కవిటి మండలం నుంచి
ఒక మాజీ పైపింగ్ ఫోర్‌మన్